బట్ట జరగలేదు

చంక రౌండు దగ్గరికి వచ్చేసరికి మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

కత్తి ఆగలేదు. కరెంటు కత్తి గుంయ్‌మంటూ ఉన్నచోటనే కిందికీ మీదికీ ఆడుతోంది. ఎనభై పొరల నీలం బట్ట, దానిమీద కాగితం, కాగితం మీద పెన్సిలు గీత. గీత అక్కడ ఎడమకి వంపు తిరగాలి. పద, అనుకున్నారు మాస్టారు. చెయ్యి కదల్లేదు. పద, పద. భుజం నుంచి వేళ్ళ దాకా సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయింది. ఇంకోసారి అనుకునేలోగానే అది ఒక్క ఉదుటున ముందుకి దూకింది. వంపు పక్కన ఉండిపోయింది. కత్తి రెండంగుళాల మేర బట్టని చీల్చుకుపోయి, ఎదురుగా నిలబడి బట్టని అదిమిపట్టుకున్న ఆవిడ చిటికెనవేలికి బెత్తెడు దూరంలో ఆగింది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అరవలేదు. మాస్టారు స్విచ్చి నొక్కారు.

బల్లమీద బట్ట పరిచి పట్టుకోవడం ఆవిడ పని. అరచేత్తో ఒక్కసారి రాసిందంటే పొర మీద ముడత మిగలదని కటింగ్ రూంలో అందరూ ఆమెను ఇస్త్రీ అనేవారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

సూపర్‌వైజరు వచ్చి పై పొర ఎత్తి చూశాడు. నడిమి పొర చూశాడు. అట్టడుగు పొర చూశాడు. ఎనభై చొక్కాల ముందు ముక్కలు, ఎనభయ్యీ చంక కింద చిరిగి ఉన్నాయి.

"బట్ట జరిగిందా మాస్టారూ?"

అలా అడిగాడు. చెయ్యి జారిందా అని అడగడం అతనికి తోచనే లేదు. అతను ఈ ఫ్యాక్టరీలో చేరేనాటికే మాస్టారి చేతి గురించి కథలు చెప్పుకునేవారు. ఆ చెయ్యి ఇప్పుడు ప్యాంటు జేబులో దాక్కుని ఉంది. అక్కడ బొటనవేలూ చూపుడువేలూ కనపడని మాత్ర ఏదో నలుపుతున్నట్టు ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి.

"ఊఁ" అన్నారు మాస్టారు.

సూపర్‌వైజరు ఇస్త్రీ వైపు తిరిగాడు. "తొమ్మిదేళ్ళ నుంచీ పరుస్తున్నావు. క్లిప్పులు పెట్టడం కూడా నేనే నేర్పాలా?"

ఇస్త్రీ క్లిప్పుల వైపు చూసింది. నాలుగు మూలలా నాలుగూ ఉన్నాయి. తర్వాత మాస్టారి వైపు చూసింది. ఆయన కాగితం మీద గీతని, దాన్ని ఎప్పుడూ చూడనట్టు, చూస్తూ ఉన్నారు.

"రేపట్నుంచి దారాల సెక్షన్‌కి పో. అక్కడైతే పాడుచెయ్యడానికేం ఉండదు."

ఆమె భుజానికున్న కొలత టేపు తీసి చుట్టుకుంది. చుట్టడం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడింది. అంతసేపూ మాస్టారికి మాట చెప్పే వ్యవధి ఉంది.

*

సోమవారం పొద్దున మాస్టారు ఆసుపత్రి రెండో అంతస్తులో, వరండా చివరి గదిలో, పళ్ళ డాక్టరు దగ్గరుండే కుర్చీలాంటి కుర్చీలో కూర్చున్నారు. ఫ్యాక్టరీలో చెప్పిన అబద్ధం కూడా పళ్ళ గురించే. కట్టుడు పళ్ళకని ఐదు రోజులు సెలవు పెట్టారు.

"తిరిగి వెళ్ళేలోగా ఒక్క పన్నయినా పీకించుకోండి" అంది భార్య గొంతు తగ్గించి. "లేకపోతే నవ్వినప్పుడల్లా దొరికిపోతారు."

"నేను నవ్వి ఎన్నాళ్ళయింది?"

"అదీ నిజమే" అని ఆమె చేతిసంచీ ఒళ్ళో సర్దుకుంది.

ఏడాదిగా ఆయనకి నవ్వు లోపల పుడుతోంది గానీ ముఖందాకా రావడం లేదు. కోపమొచ్చిందేమోనని జనం జాగ్రత్తగా మాట్లాడుతున్నారు. ఫ్యాక్టరీలో అదీ ఒకందుకు మంచిదే అయింది. ఎవరూ దగ్గరికొచ్చి చూడరు.

డాక్టరమ్మ కాగితాలు తెచ్చింది. ఆయన చిన్న చెల్లెలి వయసుంటుంది. "వణుకు జబ్బు మాత్రలు మానకూడదు. ఇది వాటికి తోడు మాత్రమే. తల కొయ్యం, సూది గుచ్చం. బయటినుంచే అయస్కాంతంతో మెదడుని కొద్దిగా తట్టిలేపుతాం, రోజుకి రెండుసార్లు. కొందరికి నడకా చేతి కదలికా తేలికపడతాయి. కొందరికి తేడా తెలీదు. తేడా వస్తే ఎన్నాళ్ళుంటుందో నేను మాటివ్వలేను. తలనొప్పి రావొచ్చు. మూర్ఛ రావడం చాలా అరుదు."

అన్నింట్లోకీ మాస్టారికి వినపడింది మూర్ఛ ఒక్కటే. పెన్ను తీసుకున్నారు. మొదటి అక్షరం అక్షరంలాగే పడింది, చివరికొచ్చేసరికి సంతకం చీమల బారులా సన్నబడిపోయింది.

"ఒంట్లో ఎక్కడైనా ఇనుప ముక్కలున్నాయా? తలలో, చెవిలో, గుండెలో?"

మాస్టారు నీళ్ళు నమిలారు. "ఎడమ చూపుడువేల్లో సూదిమొన ఉందండీ. కుట్టేటప్పుడు విరిగి ఉండిపోయింది."

"ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదే!" అంది భార్య.

"నువ్వు అడగలేదుగా."

"వేల్లో ఉన్నదానితో మనకి పేచీ లేదు" అని డాక్టరమ్మ నవ్వి, ఆయన తలకి గుడ్డ టోపీ తొడిగి, చెవుల్లో దూది రంగు బిరడాలు పెట్టింది. ఎనిమిది అంకెలాగా రెండు చక్రాలు అతికించిన నల్లటి పలక ఒకటి, లావుపాటి తీగతో, ఆయన తల ఎడమవైపుకి వచ్చి ఆనింది. ఇరవై ఏళ్ళు రోజూ కరెంటు కత్తి పట్టుకున్న మనిషికి ఆ తీగ చూస్తే భయమేసింది. కత్తి తీగ కూడా అంత లావుండదు.

"చేతులు ఒళ్ళో వదిలెయ్యండి. మీరేం చెయ్యొద్దు."

టక్.

తలమీద ఎవరో గోటితో కొట్టినట్టుంది, అంతే. ఆమె పలకని వేలెడు ముందుకి జరిపింది. టక్. ఇంకొంచెం పక్కకి. టక్.

కుడి బొటనవేలు ఎగిరింది.

"చూశారా? మీరు కదిపారా?"

"లేదండీ."

"నేను కదిపాను" అంది ఆమె ఉత్సాహంగా, ఆ చోటికి టోపీ మీద సిరా గుర్తు పెడుతూ. "మీకెంత బలం కావాలో ఇలాగే చూసుకుంటాం."

టక్. మళ్ళీ ఎగిరింది. టక్. మళ్ళీ. ఆ వేలు ఆయనది. ఆయనకి చెప్పలేదు, అడగలేదు. పరాయివాళ్ళు పిలిస్తే పరుగెత్తుకెళ్ళే కుక్కపిల్లలా లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి ఒళ్ళో పడుకుంది. బట్ట చిరిగిన గురువారం నుంచీ ఆయన తనకి తాను ఒక మాట నచ్చజెప్పుకుంటూ వచ్చారు. బట్ట నిజంగానే జరిగిందేమో, నునుపు బట్ట గదా, క్లిప్పు వదులై ఉంటుంది, ఎవరు చూశారు అని. ఆదివారం సాయంత్రానికి దాదాపు నమ్మకం కుదిరింది. ఇప్పుడు ఒళ్ళో ఆ వేలు లేచి పడుతుంటే ఆ నమ్మకం చల్లగా జారిపోయింది.

"డాక్టరుగారూ, ఈ జబ్బులో చెయ్యి మనం చెప్పకుండానే వెళ్ళిపోతుందా?"

"ఇప్పుడు ఎగిరింది ఈ మెషిన్ వల్ల. జబ్బు వల్ల అయితే మీరు వెళ్ళమన్నా వెళ్ళకుండా ఆగుతుంది. బలవంతం చేస్తే ఒక్కోసారి ఉన్నట్టుండి దూకుతుంది. ఏం పని చేస్తారు మీరు?"

భార్య నోరు తెరిచింది. మాస్టారు ఆమెవైపు చూశారు. ఆమె నోరు మూసుకుంది.

"బట్టల పని" అన్నారు ఆయన.

తర్వాత అసలు చికిత్స మొదలైంది. టకటకమని ఒక వరస, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ ఒక వరస. టకటకల కంటే నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది. ఈసారి మూర్ఛ వస్తుంది, ఈసారి నాలుక కరుచుకుంటాను, ఈసారి నన్ను నేనే మర్చిపోతాను అనుకుంటూ, భార్య చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నారు. ఎడమ చెప్పు పట్టీ తెగబోతోంది. అదొక్కటే ఆ గదిలో ఆయనకి అర్థమయ్యే వస్తువు.

*

మూడోరోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నెత్తి మీద చర్మం మండుతోంది. నడకలో తేడా ఏమీ లేదు. మాస్టారు లోపలి గదిలో బట్టలు మార్చుకుంటుండగా వీధి తలుపు చప్పుడైంది. తర్వాత ఇస్త్రీ గొంతు వినపడింది.

"మాస్టారి కళ్ళజోడు బల్లమీద మర్చిపోయారండీ. సెలవు కదా, చదువుకోడానికి కావాల్సొస్తుందని తెచ్చాను."

"అయ్యో, ఇంత దూరం ఎండలో! రా అమ్మా, కూర్చో."

"పళ్ళు ఎలా ఉన్నాయి మాస్టారికి?"

"పళ్ళా?" అంది భార్య. ఒక్క క్షణం తర్వాత, "పళ్ళకేం, భేషుగ్గా ఉన్నాయి. వాపుంది" అంది.

రెండూ కలవలేదని లోపలున్న మాస్టారికే తెలిసిపోయింది. ఎలాగైనా బయటికెళ్ళి రెండు ముక్కలు మాట్లాడి పంపించేద్దామని గుమ్మం దాకా వచ్చారు. గుమ్మం దగ్గర కాళ్ళు అతుక్కుపోయాయి.

జిగురులో నిలబడ్డట్టుంది. ఒంటి పైభాగం ముందుకి వంగుతోంది, పాదాలు రావడం లేదు. మడమలు మాత్రం టపటప కొట్టుకుంటున్నాయి. ఒక చెయ్యి తలుపు చెక్కని పట్టుకుంది, రెండోది గాలిలో ఊగుతోంది. ఇస్త్రీ అక్కడినుంచి తిన్నగా చూస్తోంది. జేబులో దాచుకోవడానికి ఇప్పుడాయనకి జేబు కూడా లేదు, లుంగీలో ఉన్నారు.

భార్య కంగారుగా లేవబోయింది. "పట్టుకుని లాగకండమ్మా, పడిపోతారు" అంటూ ఇస్త్రీ ముందే లేచింది. భుజం మీది కొలత టేపు తీసి, ఆయన పాదాలకి జానెడు దూరంలో, నేలమీద అడ్డంగా గీతలా పరిచింది.

"దీన్ని దాటండి మాస్టారూ. గుమ్మం సంగతి వదిలెయ్యండి. టేపు దాటండి చాలు."

ఆయన పసుపురంగు టేపు వైపు చూశారు. కుడికాలు లేచింది. దాటింది. వెనకాలే ఎడమకాలు వచ్చింది. మూడడుగుల్లో కుర్చీ దగ్గరికి చేరి కూలబడ్డారు.

"నీకెలా తెలుసు?" అంది భార్య.

"కటింగ్ రూంలో నేలమీద గీతలున్నచోట మాస్టారు బాగానే నడుస్తారండీ. గీత లేనిచోట తలుపు దగ్గర ఆగిపోతారు. ఆర్నెల్ల నుంచీ చూస్తున్నాను."

ఆర్నెల్లు. ఈమెకి అన్నీ తెలుసు. ఇప్పుడంటుంది, భార్య ముందే అంటుంది, అని కుక్కిన పేనులా కూర్చున్నారు. ఇస్త్రీ టేపు చుట్టుకుంది. కళ్ళజోడు ఆయన ఎడమచేతి వైపు పెట్టింది.

"కొత్త సెక్షన్ ఎలా ఉంది?" అని అడిగారు చివరికి. ఆ ప్రశ్న తన నోట్లోంచి వచ్చినందుకు ఆయనకే సిగ్గేసింది.

"కూర్చునే పని మాస్టారూ. పొద్దస్తమానం తలొంచుకుని దారాలు కత్తిరించడమే." చెప్పులు వేసుకుంటూ తల తిప్పకుండా అంది, "నా చోటులో కొత్తమ్మాయిని పెట్టారు. పెళ్ళయి మూడు నెలలట. బట్ట పట్టడం నేర్చుకుంటూ చెయ్యి గీతకి మరీ దగ్గరగా పెడుతోంది. ఎవరూ చెప్పలేదు పాపం."

ఆమె వెళ్ళాక భార్య వీధి తలుపు వేసి వచ్చింది. "ఆమె చోటులో కొత్తమ్మాయెందుకు? ఏమైందేమిటి?"

"ఏమో, మార్చారు" అన్నారు మాస్టారు.

*

శుక్రవారం పొద్దున చొక్కా బొత్తాలు ఆయనే పెట్టుకున్నారు.

పెట్టుకున్న సంగతి ఆఖరి బొత్తం దగ్గరికొచ్చాక గానీ గమనించలేదు. అద్దంలో చూసుకున్నారు. ఆసుపత్రి వరండాలో నడుస్తుంటే కుడిచెయ్యి పక్కన ఊగుతోందని భార్య చెప్పింది. చెప్పి, దిష్టి తగులుతుందన్నట్టు మళ్ళీ ఆ మాటెత్తలేదు. డాక్టరమ్మ వేళ్ళు తెరిపించి మూయించి, కుర్చీలోంచి లేపించి, నడిపించి, ఏదో రాసుకుంది.

"బాగుంది. సోమవారం కంటే బాగా తేలికపడింది. కానీ ఇది జబ్బు తగ్గడం కాదు, గుర్తుపెట్టుకోండి. రేపు, వచ్చేవారం ఎలా ఉంటుందో చూడాలి."

"చెయ్యి మళ్ళీ ఆగుతుందా?"

"ఆగొచ్చు. ఆగకపోవచ్చు."

"ముందుగా తెలుస్తుందా?"

"తెలీదు."

అప్పుడు భార్య, మాస్టారు చూపులతో ఎంత ఆపుతున్నా వినకుండా, "ఈయన కరెంటు కత్తి నడుపుతారండీ. జానెడు ఎత్తు బట్ట కోసే కత్తి" అని చెప్పేసింది.

డాక్టరమ్మ పెన్ను మూసింది. "బట్టల పని అన్నారు?"

మాస్టారు భార్య చెప్పుల వైపు చూశారు.

"మీ వేళ్ళు మీరు పోగొట్టుకుంటారేమోనని చెబుతున్నాను, ఆ కత్తి ముట్టుకోకండి" అంది ఆమె.

నా వేళ్ళు కాదమ్మా, అనుకున్నారు మాస్టారు. పైకి అనలేదు. మెట్లు దిగుతుండగా ఫోను మోగింది. సూపర్‌వైజరు. చిరిగిపోయిన ఎనభై చొక్కాల లాటు మళ్ళీ కోయాలి, రేపటికల్లా కావాలి, పళ్ళు కట్టడం అయిపోయిందా?

"అయిపోయింది" అన్నారు మాస్టారు. తన చేతిని ముందుకి చాపి చూసుకున్నారు. స్థిరంగా ఉంది. అంత స్థిరంగా ఉండడం ఆర్నెల్ల తర్వాత ఇదే మొదలు. ఆనందపడాల్సింది. వేళ్ళు ముడిచి జేబులో పెట్టేసుకున్నారు.

*

శనివారం కటింగ్ రూంలో ఎనభై పొరలూ సిద్ధంగా ఉన్నాయి. ఎదురుగా కొత్తమ్మాయి నిలబడింది. ఎడమచేతికి మాస్టారు ఇనుప జాలీ తొడుగు వేసుకున్నారు. కత్తి పట్టుకునేవాడికే ఆ తొడుగు, బట్ట పట్టుకునేవాళ్ళకి ఉండదు. ఇన్నేళ్ళలో అదేమిటని ఆయన ఎన్నడూ అడగలేదు.

స్విచ్చి వేశారు. కత్తి గుంయ్‌మంది. అంచు వెంట తిన్నటి కోత వెన్నలో పోయినట్టు పోయింది. భుజం కోత అయింది. మెడ వంపు అయింది. సూపర్‌వైజరు వెనకాల నిలబడి, "చేతిలో ఏముందో మాస్టారికి!" అని ఎవరితోనో అన్నాడు. చంక రౌండు వచ్చింది. చెయ్యి ఆగలేదు. గీత మీద, గీతకి వెంట్రుకవాసి తేడా లేకుండా, ఎడమకి తిరిగింది. మొదటి రౌండు అయిపోయింది. రెండోదాని దగ్గరికి వస్తున్నారు.

కొత్తమ్మాయి అరచెయ్యి రెండో రౌండుకి సరిగ్గా ఎదురుగా, బెత్తెడు దూరంలో ఉంది. గోళ్ళకి ఎర్రరంగు వేసుకుంది. మాస్టారి చెయ్యిమీద ఎంత నమ్మకమో, ఆ పిల్ల కత్తివైపు చూడటం కూడా లేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ముందుగా తెలుస్తుందా? తెలీదు.

చెయ్యి వణికితే భయపడొచ్చు. వణకని చేతిని చూసి ఎలా భయపడాలో ఎవరికి తెలుసు? మాస్టారు స్విచ్చి ఆపేశారు. కత్తి సగం కోతలో ఆగిపోయింది.

"ఏమైంది మాస్టారూ?"

"ఆవేళ బట్ట జరగలేదు."

"ఏవేళ?"

"ఆ గురువారం. బట్ట జరగలేదు, నా చెయ్యే దూకింది. నాకు జబ్బుంది. పళ్ళు కాదు, ఇది." తల ఎడమవైపు చూపించారు. గుడ్డ టోపీలోంచి దిగిన సిరా గుర్తు ఇంకా అక్కడ ఉంది. "ఆమె తప్పేం లేదు. నేను ఊఁ అన్నాను."

సూపర్‌వైజరు ఆయన్ని పక్కకి తీసుకెళ్ళాడు. "ఇదంతా ఇప్పుడెందుకండీ? చెయ్యి బాగానే ఉందిగా. కళ్ళారా చూశాను. ఈ ఒక్క లాటు కానివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం."

"కానివ్వను" అన్నారు మాస్టారు. చెయ్యి ఇప్పుడు కూడా వణకలేదు, అదే విచిత్రం.

దారాల సెక్షన్ దాకా ఆయనే నడిచి వెళ్ళారు. నేలమీద గీత ఎక్కడుంటే అక్కడ చూసుకుంటూ వెళ్ళారు. ఇస్త్రీ పదిమంది ఆడవాళ్ళ మధ్య తలొంచుకుని చిన్న కత్తెరతో పని చేస్తోంది. వెనకే వచ్చిన సూపర్‌వైజరు ముందూ, ఆ పదిమంది ముందూ మాస్టారు ఆ మాటే మళ్ళీ చెప్పారు.

"తెలుసు" అంది ఇస్త్రీ.

"తెలుసా?" అన్నాడు సూపర్‌వైజరు. "మరి చెప్పవేం?"

"బట్ట జరిగితే ఒక్కో పొర ఒక్కోచోట చిరుగుతుంది సార్. ఎనభైకి ఎనభై ఒకేచోట చిరిగాయి. మీరు మూడు పొరలు ఎత్తి చూశారు. చూసి కూడా నన్నే అన్నారు. ఇంక నేనేం చెప్పాలి?"

సూపర్‌వైజరు మెడ రుద్దుకున్నాడు. మాస్టారు బల్ల అంచు పట్టుకున్నారు. "తప్పయింది తల్లీ" అన్నారు.

ఇస్త్రీ కత్తెర కింద పెట్టింది. "మీ ఇంటికొచ్చినరోజే ఈ మాట అంటారనుకున్నాను మాస్టారూ. కళ్ళజోడు వంకతో అందుకే వచ్చాను. మీరు కొత్త సెక్షన్ ఎలా ఉందని అడిగారు." ఆమె గొంతులో కోపం అప్పటిదాకా వినపడలేదు. ఇప్పుడు వినపడింది. ఆడవాళ్ళందరూ దారాల వైపు చూస్తున్నారు.

లాటు సగంలో ఉంది. వేరే కటింగ్ మాస్టరు లేడు. సూపర్‌వైజరు గడియారం చూశాడు, ఫోను చూశాడు, చివరికి మాస్టారి ముఖం చూశాడు.

"ఆమె కోస్తుంది" అన్నారు మాస్టారు. "నా భుజం పట్టేసినప్పుడల్లా తిన్నటి కోతలు ఆమెవే. వంపులు కూడా వచ్చు. నేను చూశాను."

"ఆడమనిషి కత్తి..." అని మొదలుపెట్టి సూపర్‌వైజరు ఆపేశాడు. వేరే దారి ఉంటే ఆ వాక్యం పూర్తి చేసేవాడే.

ఇస్త్రీ లేచింది. "కోస్తాను సార్. ఈ ఒక్క లాటుకే అయితే కొయ్యను, నన్ను మళ్ళీ ఇక్కడ కూర్చోబెట్టేటట్టయితే. ఇంకోటి. ఆ కొత్తమ్మాయి వద్దు. నా ఎదురుగా బట్ట మాస్టారు పట్టుకోవాలి."

కటింగ్ రూంలో మాస్టారు ఇన్నేళ్ళలో మొదటిసారి బల్లకి అవతలివైపు నిలబడ్డారు. అటునుంచి గీత తలకిందులుగా కనపడింది. కత్తి ఎంత ఎత్తుందో అటునుంచి చూస్తేనే తెలిసింది. ఇనుప తొడుగు తీసి బల్లమీద పెడితే, ఇస్త్రీ దాన్ని తను వేసుకోకుండా ఆయనవైపు తోసింది. "పట్టుకునేవాళ్ళకి కావాలి ఇది." ఆయన కుడిచేతికి వేసుకున్నారు.

కత్తి మొదలైంది. మాస్టారు రెండు చేతులూ బట్టమీద పరిచారు. కత్తి ఆయనవైపు వస్తోంది. బట్టలోంచి ఆ అదురు అరచేతులకి ఎక్కుతోంది. ఆమె రోజూ ఇది పట్టుకుని నిలబడింది, కంటి రెప్ప వెయ్యకుండా మాస్టారి చేతిని చూస్తూ. ఐదు రోజుల టకటకలూ ఎక్కడికి పోయాయో, కుడిచెయ్యి నెమ్మదిగా, తర్వాత గట్టిగా వణకడం మొదలుపెట్టింది. తొడుగు కిందున్న కాగితం గరగరమని చప్పుడు చేసింది.

ఇస్త్రీ కత్తి ఆపింది.

"ఆగడం లేదమ్మా" అన్నారు మాస్టారు. చెయ్యి తీసెయ్యబోయారు.

"తియ్యకండి." ఆమె ఆ వణికే చేతిని, దాని ముందున్న గీతని, రెంటి మధ్యనున్న దూరాన్ని చూసింది. "వణుకు ఆగక్కర్లేదు మాస్టారూ. చెయ్యి ఎక్కడుందో నాకు తెలిస్తే చాలు."

ఆయన చెయ్యి అక్కడే ఉంచారు. ఆమె స్విచ్చి వేసింది.